ఎండదెబ్బ అనుకున్నాం

నర్సంపేట దగ్గరి మా ఊరిలో చిన్నాయన పత్తి చేనుకు మందు కొట్టి ఇంటికి వచ్చిన ఆ సాయంత్రం, ఆయన నోటి వెంట చొల్లు కారడం, చొక్కా చెమటకు తడిసి ముద్ద కావడం చూసి మేమంతా ఎండదెబ్బ అనుకున్నాం. హన్మకొండలో డాక్టరు మాత్రం ముందుగా టార్చిలైటు వేసి కళ్లు చూశారు. కనుపాపలు గుండుసూది తలంత అయ్యాయి. పురుగుమందు డబ్బా మీద అత్యంత విషపూరితమని చెప్పే ఎర్ర త్రికోణం ఉందని చిన్నమ్మ చెప్పగానే, విరుగుడుగా ఆట్రోపిన్ మొదలైంది.

నాడి చివరి దాకా విద్యుత్తుగా వచ్చిన సంకేతం కండరాన్ని నేరుగా తాకదు. మధ్యలో సుమారు 50 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆ ఖాళీని దాటి కబురు అందిస్తుంది. నాడులు రసాయనంతో మాట్లాడతాయని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో నిరూపించారు: నాడిని ప్రేరేపించి ఒక గుండెను నెమ్మదింపజేసి, దానిని తడిపిన ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే, నాడి ప్రమేయమే లేకుండా అదీ నెమ్మదించింది. 1936లో ఆయనకు హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

కబురు అందాక ఆ రసాయనాన్ని అక్కడికక్కడే ముక్కలు చేసే ఎంజైము ఒకటుంది, దాని పేరు అసిటైల్‌కోలినెస్టరేజ్. చిన్నాయన కొట్టిన, ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందు సరిగ్గా ఆ ఎంజైమునే పట్టి కట్టిపడేస్తుంది. పురుగు చచ్చేదీ ఇలాగే. దాని నాడులలోనూ పని చేసేది ఇదే రసాయనం. ఇక కబురు ఆగదు: లాలాజల గ్రంథులు, చెమట గ్రంథులు ఊరుతూనే ఉంటాయి, కనుపాప ముడుచుకునే ఉంటుంది, కండరాలు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి. ఊపిరి తీయించే కండరాలకు ఆ గతి పడితే ప్రాణం మీదికి వస్తుంది.

రాత్రికి చొల్లు తగ్గింది. పిక్కలో మాత్రం చర్మం కింద పురుగులు పాకినట్టు కండరం కదులుతూనే ఉంది. ఆట్రోపిన్ పని చేయడం లేదేమోనని నేను భయపడ్డాను. గ్రంథులలో, గుండెలో ఉన్న గ్రాహకాలను, అంటే ఆ రసాయనం తెచ్చే కబురును అందుకునే చోట్లను, ఆట్రోపిన్ అడ్డుకుంటుంది కానీ, కాళ్లూ చేతులను కదిలించే కండరాల మీది గ్రాహకాలు వేరే రకానివి, వాటి జోలికి అది పోదని తరువాత చదివి తెలుసుకున్నాను.

పురుగుమందు తాగాడా అని ఆసుపత్రిలో మూడుసార్లు అడిగారు. అడగవలసిన ప్రశ్నే, కానీ చిన్నమ్మ ప్రతిసారీ ఏడ్చింది. ఆయన తాగలేదు, వీపు మీది పంపు మూత దగ్గర కారి, చర్మం గుండానే మందు లోపలికి దిగింది. ఎంజైము మళ్లీ తయారు కావడానికి వారాలు పడుతుందని, అప్పటిదాకా చేను వైపు పోవద్దని డాక్టరు చెప్పి పంపారు. పదో రోజున చిన్నాయన పంపుకు కొత్త వాషరు తెచ్చుకున్నారు.