స్రెబ్రెనిత్సా: తీర్మానంలో లేని ఒక్క మాట

1995లో, బోస్నియా యుద్ధంలో, సెర్బ్ బలగాలు స్రెబ్రెనిత్సాలో మారణకాండ సాగించాయి. ఆ పేరు వినగానే అందరూ అక్కడ కాపలా ఉన్న ఐక్యరాజ్యసమితి శాంతి దళంలోని డచ్ సైనికుల వైపే వేలు చూపిస్తారు. ముందు చూడాల్సింది భద్రతామండలి రాసిన వాక్యాలను.

1993 ఏప్రిల్‌లో 819వ తీర్మానం ఈ బోస్నియా పట్టణాన్ని సురక్షిత ప్రాంతమంది. మేలో మరో ఐదు చేరాయి. జూన్‌లో వచ్చిన 836వ తీర్మానం, శత్రువు దాడికి జంకేలా చేయమని శాంతి దళానికి చెప్పింది. పట్టణాన్ని కాపాడమని అనలేదు. బలప్రయోగానికి కూడా 'ఆత్మరక్షణలో భాగంగా' అన్న షరతు పెట్టింది. ఆరు చోట్లకూ అదనంగా సుమారు 34,000 మంది సైనికులు కావాలని సెక్రటరీ జనరల్ అడిగితే, మండలి ఒప్పుకున్నది 7,600 మందికి. నా దృష్టిలో అసలు ద్రోహం ఇదే.

ఇక విమానదాడికి రెండు తాళాలు: ఒకటి సమితి చేతిలో, ఇంకొకటి నాటో చేతిలో. డచ్ బెటాలియన్ అభ్యర్థన తుజ్లా, సరయేవోల్లోని సమితి కార్యాలయాలు దాటి జాగ్రెబ్‌లోని ప్రధాన కార్యాలయానికి చేరాలి. 1995 మేలో నాటో దాడులు చేయగానే సెర్బ్ బలగాలు మూడు వందలకు పైగా శాంతి సైనికులను బందీలుగా పట్టుకున్నాయి. ఆ తర్వాత తాళం తీయడానికి చేయి వణికింది. కాన్వాయ్‌లను అడ్డుకోవడంతో డీజిల్ అడుగంటి, డచ్ దళం గస్తీ కాలినడకన సాగింది.

జూలై 11న పట్టణం పడిపోయింది. ఆపై కొద్దిరోజుల్లోనే 8,000 మందికి పైగా బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) పురుషులను, బాలురను చంపేశారు.