వంటింట్లో కేఫ్ గ్రైండర్

మొన్న ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, "ఎస్ప్రెసో మెషీన్ కొందామనుకుంటున్నా, ఏది కొనమంటావ్?" అని అడిగింది. మెషీన్ తర్వాత చూసుకోవచ్చు, ముందు కాఫీ గింజలు ఆడించే గ్రైండర్ సంగతి తేల్చుకోమన్నాను. అలా మొదలైన మాట గంటసేపు సాగింది. నేను కొనేముందు నాకివన్నీ చెప్పేవాళ్ళు దొరకలేదు, అందుకే ఇక్కడ రాసిపెడుతున్నాను.

మా ఇంట్లో ఉన్నది మాజర్ సూపర్ జాలీ. ఇటలీ కంపెనీది, కేఫ్‌ల కోసం చేసిన గ్రైండర్. బరువు దాదాపు 14 కిలోలు, ఎత్తు ఇంచుమించు రెండడుగులు, పైన గింజలు పోసే హాపర్‌లో కిలోకి పైనే పడతాయి. లోపల 64 మిల్లీమీటర్ల ఉక్కు బర్లు రెండుంటాయి. బర్లంటే కొత్త సంగతేం కాదు, తిరగలే. తిరగలిలో పైరాయి తిరుగుతుంది, ఇందులో కింది చక్రం తిరుగుతుంది, అంతే తేడా. రెండు చక్రాల పళ్ళ మధ్య సందు ఎంత తక్కువైతే పొడి అంత సన్నం.

ఎస్ప్రెసోకి ఇదంతా ఎందుకంటే, మన ఫిల్టర్‌లో నీళ్ళు వాటి బరువుకి అవే నెమ్మదిగా దిగుతాయి, పొడి కాస్త అటూ ఇటూ అయినా డికాషన్ వచ్చేస్తుంది. ఎస్ప్రెసోలో 9 బార్ల ఒత్తిడితో (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లు) నీళ్ళని పొడిలోంచి తోస్తారు. నేను 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో దిగేలా చూసుకుంటాను. పొడి రవ్వంత ముతకైతే 15 సెకన్లకే జారిపోయి పుల్లగా ఉంటుంది, రవ్వంత సన్నమైతే చుక్కలు చుక్కలుగా పడి చేదెక్కుతుంది. సూపర్ జాలీలో సందు మార్చడానికి తిప్పే చుట్టుకి, అంటే కాలర్‌కి, మెట్లు ఉండవు, వెంట్రుకవాసి తిప్పినా తేడా తెలుస్తుంది. అంతకుముందు నా దగ్గరున్న చేతి గ్రైండర్‌తో 18 గ్రాములు ఆడించడానికి నిమిషం పైనే పట్టేది, ఉదయం మూడు కప్పులయ్యేసరికి మోచెయ్యి పీకేది. ఇది అదే పని ఆరేడు సెకన్లలో చేసేస్తుంది.

రెండేళ్ళ కిందట హైదరాబాద్‌లో మూసేస్తున్న ఒక కేఫ్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంటికి తెచ్చి గట్టు మీద పెడదామంటే హాపర్ పై అలమారకి తగిలింది. అత్తయ్య చూసి, "ఏమ్మా, పిండి మర పెడుతున్నావా ఇంట్లో?" అంది. హాపర్ తీసేసి, ఆ మూతి మీద కెమెరా లెన్స్‌కి పెట్టే రబ్బరు తొడుగు ఒకటి బిగించాను. చాలామంది ఇలాగే చేస్తారు. ఎత్తు తగ్గింది, పైనుంచి అరచేత్తో నొక్కితే గాలికి లోపలి పొడి కూడా బయటికి వస్తుంది. కింద మందపాటి రబ్బరు షీటు వేశాను, లేకపోతే ఉదయం ఆరింటికి గట్టంతా అదిరి మా ఆయన నిద్ర లేచేవాడు.

మొదటి నెల మాత్రం ఏడుపొక్కటే తక్కువ. ఎంత సన్నగా పెట్టినా షాట్, అంటే ఒక విడత ఎస్ప్రెసో, 14 సెకన్లకే దిగిపోయేది. పొడిని అదిమే టాంపర్‌తో సరిగ్గా నొక్కట్లేదేమో అనుకున్నాను, గింజలు మార్చాను, నీళ్ళు మార్చాను. చివరికి ప్లగ్ తీసి (ఇది ఎప్పుడూ మర్చిపోవద్దు, లోపల వేళ్ళు పెట్టే పని ఏదైనా ప్లగ్ పీకాకే), కాలర్ మొత్తం విప్పి బర్ల అంచు వేలితో తడిమి చూస్తే గరుకే లేదు, మొద్దుబారిపోయి ఉన్నాయి. అన్నేళ్ళు కేఫ్‌లో కిలోలకి కిలోలు ఆడించినవి కదా. అమ్మినవాళ్ళు ఒక్క ముక్క చెప్పి ఉంటే నెలరోజుల గింజలు మిగిలేవి. తిరగలి రాళ్ళయితే కక్కు కొట్టించుకుంటాం, వీటిని మార్చడమే.

కొత్త బర్లు వేశాక అవి సమంగా కూర్చున్నాయో లేదో చూడాలి. పై బర్ అంచుకి వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుట్టూ గీత గీసి, రెండూ ఒరుసుకునేదాకా కాలర్ బిగించి, కింది చక్రాన్ని చేత్తో తిప్పి మళ్ళీ విప్పి చూస్తే, రంగు ఎక్కడ చెరిగిందో అక్కడ తగులుతున్నట్టు. నాకు ఒకవైపే చెరిగింది. చెరగని వైపు బర్ కింద వంటింటి అల్యూమినియం ఫాయిల్ సన్నటి ముక్క పెట్టాను, చాల్లేదు, ఇంకోటి పెట్టాను. ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం దీనికే పోయింది. విప్పడం ఎలా ఉన్నా, తిరిగి బిగించేటప్పుడు కాలర్ మరచుట్లలో ఒక్క రేణువు కాఫీ పొడి ఉన్నా కాలర్ వంకరగా ఎక్కుతుంది, అలా బలవంతంగా తిప్పితే ఆ మరచుట్లు పోయినట్టే. బ్రష్‌తో శుభ్రంగా తుడిచి, ముందు వెనక్కి కాస్త తిప్పి టక్కుమని కూర్చున్నాక అప్పుడు బిగించండి.

ఇక అసలు సంగతి, రోజూ దీనితో బతకడం. ఈ యంత్రం చేసింది పొద్దుటి నుంచి రాత్రిదాకా ఆగకుండా గింజలు పోసే చోటు కోసం. మేం తాగేది రోజుకి మూడు షాట్లు, అంటే 54 గ్రాములు. హాపర్ నింపితే ఇరవై రోజులపైన వస్తుంది, అప్పటికి వాసన చచ్చిపోతుంది. అందుకే ప్రతి కప్పుకీ గింజలు తూచి వేస్తాను. అయినా బర్ల నుంచి బయటికొచ్చే దారిలో, ఆడిన పొడి వచ్చి పడే డోజర్ గిన్నె మూలల్లో పొడి మిగిలిపోతుంది. నేను తూచి చూస్తే 5 గ్రాములు దాకా ఉంది. అంటే పొద్దున మొదటి కప్పులో పావు వంతుకి పైగా నిన్నటి పొడే! రోజూ ఆ 5 గ్రాములు తీసి పారేస్తే నెలకి 150 గ్రాములు, 250 గ్రాముల పొట్లంలో సగం పైనే. మంచి అరకు గింజల ధర తెలిసినవాళ్ళకి ఇది ఎంత ప్రాణం తీస్తుందో నేను చెప్పక్కర్లేదు. తొడుగు నొక్కడం, డోజర్ పిడి పదిసార్లు టపటపా లాగడం, చిన్న బ్రష్‌తో దారి ఊడవడం, ఇవన్నీ అలవాటయ్యాక ఇప్పుడు గ్రాము లోపే మిగులుతోంది.

ఎండాకాలం ఇంకో గొడవ. గాలి పొడిగా ఉంటే స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్తు) వల్ల పొడి ఎగిరి గట్టంతా అంటుకుంటుంది. ఆడించేముందు గింజల మీద ఒక్క చుక్క నీళ్ళు చిలకరించి కలిపితే చాలావరకు తగ్గుతుంది. ఇది ఎవరో చెప్పిన చిట్కా అనుకునేదాన్ని, కానీ 2023లో అమెరికాలో ఒరెగాన్ యూనివర్సిటీ కాఫీ పరిశోధకులు, అగ్నిపర్వతాల బూడిదలో పుట్టే విద్యుత్తు మీద పనిచేసే శాస్త్రవేత్తలతో కలిసి ఇదే కొలిచి చూశారు. తడి ఉంటే స్టాటిక్ తగ్గుతుంది, ఉండలు కట్టడం తగ్గుతుంది, ఎస్ప్రెసో కూడా చిక్కగా దిగుతుందని తేల్చారు. చుక్క అంటే చుక్కే, లోపలిది ఉక్కు అని గుర్తుంచుకోండి.

అయితే ఈ గ్రైండర్‌ని ఒకే సందు దగ్గర స్థిరంగా ఉంచితేనే దానికి సుఖం. ఎస్ప్రెసో నుంచి ఫిల్టర్ కాఫీకి, మళ్ళీ వెనక్కి మారిస్తే ప్రతిసారీ రెండు మూడు షాట్లు పాడవుతాయి. రెండు రకాలూ రోజూ కావాలంటే రెండో గ్రైండర్ ఉంచుకోమని నా స్నేహితురాలికి గట్టిగా చెప్పాను. నేనూ ఆ చేతి గ్రైండర్‌ని అందుకే ఉంచుకున్నాను.

కానీ తన ఫిల్టర్ కాఫీ పొడి కూడా ఇందులోనే ఆడించమని అత్తయ్య ఊరుకోలేదు. చిన్నప్పుడు వాళ్ళింట్లో బల్లకి బిగించిన ఇనుప చేతి మర ఉండేదట, పొద్దున్నే దాన్ని తిప్పే వంతు తనదేనట, ఆ వాసన మళ్ళీ ఇన్నేళ్ళకి ఇంట్లో వచ్చింది అని ఒకరోజు గ్రైండర్ పక్కనే నిలబడిపోయింది. దానికి నా దగ్గర సమాధానం లేదు. అప్పటినుంచి ఆదివారం పొద్దున ఎస్ప్రెసోలన్నీ అయ్యాక కాలర్ ముతకవైపు తిప్పి ఆమెకి వారానికి సరిపడా అరకు గింజలు ఆడిస్తాను. చికోరీ తర్వాత తనే కలుపుకుంటుంది. స్టీలు డబ్బా పట్టుకుని పక్కనే ఉంటుంది. మొదట పడే సన్నపొడి తీసేయబోతే మొదట్లో పారేయనిచ్చేది కాదు, "అదీ కాఫీయేగా, వెయ్యి" అనేది. ఆ వారం డికాషన్ మధ్యాహ్నానికి గానీ దిగలేదు. ఇప్పుడు ఆ మొదటి చెంచాడు పొడి తనే వేరే గిన్నెలోకి పట్టి, కరివేపాకు కుండీలో వేసి వస్తుంది.