పడుకునే ముందు ఒకటి

రొయ్యల మేత బస్తా 25 కిలోలు. ఇరవయ్యేళ్ళుగా ఎత్తుతున్నదే. ఆ ఏప్రిల్ ఉదయం మాత్రం షెడ్డు గుమ్మం దగ్గర వంగి, బస్తా భుజానికెత్తుకుంటూ పక్కకి తిరిగాను. అంతే. నడుం కుడిపక్క తాడేసి బిగించినట్టు పట్టేసింది. బస్తా ఎటు పడిందో కూడా చూడలేదు. గుమ్మం పట్టుకుని అలాగే వంగి నిలబడిపోయాను. చెరువు దగ్గర కాపలా ఉండే కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "ఏమైందండీ?" అంటే సమాధానం చెప్పడానికి కూడా ఊపిరి అందలేదు.

మాది ఆకివీడు దగ్గర ఊరు. చెరువులో వనామీ రకం రొయ్య వేసి అప్పటికి డెబ్బై రోజులు. ఆ వయసులో రొయ్యని వదిలి మంచం మీద పడుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకే డాక్టర్ దగ్గరికి పోకుండా మా మామగారి డబ్బా తెరిచాను. ఆయన దగ్గర నడుంనొప్పి బిళ్ళలు ఎప్పుడూ ఉంటాయి. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి వేశాను. ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టనిపించి పైన డోలో 650 కూడా వేయబోతుంటే మా ఆవిడ ఆపింది. స్ట్రిప్పు వెనక అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చదివింది. ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325, క్లోర్‌జోక్సజోన్ 250. "ఇందులో పారాసెటమాల్ ఉందిగా, మళ్ళీ డోలో ఎందుకండీ?" అంది. ఒక్క బిళ్ళలో మూడు మందులున్నాయని నాకు అప్పటిదాకా తెలీదు. స్ట్రిప్పు మీద నిలువునా ఎర్రగీత కూడా ఉంది. డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థమట. ఆ గీతని ఎన్నిసార్లు చూసుంటానో!

మర్నాడు మావాడు భీమవరం తీసుకెళ్ళాడు. ఎముకల డాక్టరమ్మ గారు ముందు మందు మాటే ఎత్తలేదు. కాళ్ళలో బలం తగ్గిందా, మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ ఉందా, కూర్చునే చోట స్పర్శ పోయిందా, జ్వరం ఉందా అని వరసగా అడిగారు. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా బిళ్ళలతో పోయే నొప్పి కాదని, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలని చెప్పారు. నాకవేవీ లేవు. కండరం పట్టేసింది, అంతే. ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. మామగారి బిళ్ళలు ఆపేయమని, ఐదు రోజులకి నొప్పి మందు, పడుకునే ముందు కండరాల బిగుతు తగ్గించే టిజానిడిన్ 2 మిల్లీగ్రాములది ఒకటి రాశారు.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని కూడా అడిగారు. లేదండి అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నాలుగేళ్ళుగా పొద్దున్నే వేసుకునే బీపీ బిళ్ళ ఆమ్లోడిపిన్‌ని నేనసలు మందుల లెక్కలో వేసుకోలేదు. అది కాఫీ లాంటిది, అలవాటు.

మొదటి రాత్రి బ్రహ్మాండంగా నిద్రపట్టింది. పొద్దున లేస్తే నోరు పిడచగట్టుకుపోయింది, ఎనిమిదింటిదాకా తల బరువుగా ఉంది. నడుం కాస్త వదిలింది కాబట్టి అదేమంత ఇబ్బంది అనిపించలేదు. రెండో రాత్రి చెరువు షెడ్డులోనే పడుకున్నాను. జనరేటర్ ఒకసారి చూసుకుని, పదకొండింటికి బిళ్ళ వేసుకున్నాను. పన్నెండున్నరకి కరెంటు పోయింది. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల చప్పుడు ఆగితే రొయ్యల రైతుకి ఎంత నిద్రలో ఉన్నా మెలకువొస్తుంది. గభాల్న మంచం మీద నుంచి లేచి గట్టు మీదకి నడిచాను. నాలుగడుగులు పడ్డాయో లేదో కళ్ళు బైర్లు కమ్మాయి. టార్చి చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. ఆ వెలుగు నీళ్ళ కింద పచ్చగా కనబడటం వరకే గుర్తుంది. కుర్రాడు వెనక నుంచి చొక్కా పట్టుకోకపోతే టార్చి వెనకే నేనూ చెరువులో ఉండేవాణ్ణి. జనరేటర్ వాడే వేశాడు.

పొద్దున్నే మళ్ళీ భీమవరం. ఈసారి బీపీ బిళ్ళ పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ గారు దాని వంక చూసి, నా వంక చూసి, ఏమీ అనకుండా పడుకోబెట్టి బీపీ చూశారు. 126 మీద 80. లేచి నిలబడమని మళ్ళీ చూశారు. 100 మీద 66. అప్పుడు కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. టిజానిడిన్ కండరాన్ని నేరుగా పట్టుకుని వదులు చేయదట. మెదడు, వెన్నుపాము నుంచి కండరానికి వెళ్ళే బిగుతు సంకేతాలని తగ్గిస్తుంది. మత్తు అందుకే. బీపీకి వాడే క్లోనిడిన్ అనే మందుకి ఇది దగ్గరి చుట్టం, కాబట్టి బీపీని కూడా కిందకి లాగుతుంది. వేసుకున్న గంట, రెండు గంటలకి పని బాగా ఎక్కుతుంది, మూడు నుంచి ఆరు గంటల్లో దిగిపోతుంది. నేను లేచింది సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు.

బీపీ బిళ్ళ సొంతంగా ఆపొద్దు, పొద్దున పూట మామూలుగా వేసుకోండి అన్నారు. రాత్రిది సగానికి తగ్గించారు. మెలకువ వస్తే ముందు కాళ్ళు కిందకి దించి ఓ నిమిషం కూర్చుని, ఏదో ఒకటి పట్టుకుని లేవాలి. మందు వాడినన్నాళ్ళూ బండి తోలకూడదు, చుక్క ముట్టకూడదు. "కల్లు కూడానాండీ?" అన్నాను. తాటికల్లు రోజులు కదా, అడగక తప్పలేదు. "కల్లు కూడా" అన్నారు. నెలల తరబడి పెద్ద డోసులో వాడేవాళ్ళయితే ఒక్కసారిగా మానేస్తే బీపీ ఎగదన్నుతుందట, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. నాలా కొద్ది రోజులు కొద్దిగా వాడేవాళ్ళకి ఆ బాధ లేదు.

ఆ రాత్రి నుంచి ఇంట్లోనే పడుకున్నాను. చెరువు కుర్రాడికి అప్పగించాను. "ఆయ్, నేను చూసుకుంటానండి, మీరు రాకండి" అని వాడు నాకే జాగ్రత్తలు చెప్పడం మొదలెట్టాడు.

ఇక్కడితో అయిపోయుంటే ఇదంతా రాసేవాణ్ణి కాదేమో. ఆరో రోజు పెళ్ళి భోజనం తేడా చేసి విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ చీటీ రాసిచ్చాడు. మెడికల్ షాపులో అమ్మాయి చీటీ చూసి, "బాబాయ్ గారూ, వేరే ఏమైనా మందులు వాడుతున్నారా?" అంది. ఈసారి నేను తడుముకోలేదు, చొక్కా జేబులోంచి భీమవరం చీటీ తీసిచ్చాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, సిప్రోఫ్లోక్సాసిన్ అని రాసిన చోట వేలు పెట్టింది. టిజానిడిన్‌ని లివర్ విరిచేసే దారిని ఆ మందు మూసేస్తుందట. ఒంట్లో టిజానిడిన్ పది రెట్ల దాకా పెరిగిపోవచ్చు. "రెండూ కలిపి అస్సలు వేయకూడదండీ" అని అక్కడే డాక్టరమ్మ గారికి ఫోన్ కలిపించింది. ఓఆర్‌ఎస్ తాగమన్నారు. ఒంట్లో నీరు పోతే బీపీ అసలే తగ్గుతుంది కాబట్టి ఆ రాత్రికి టిజానిడిన్ మానేయమన్నారు. రక్తం పడినా, జ్వరం వచ్చినా, తగ్గకపోయినా వెంటనే రమ్మన్నారు. మర్నాటికి విరేచనాలు వాటంతటవే కట్టాయి.

ఒక్క బిళ్ళ ప్రాణం మీదకి ఎలా తెస్తుందో నేను గట్టు మీద అర సెకనులో తెలుసుకున్నాను. ఆ అమ్మాయి దగ్గర మాత్రం కాగితాలు చూస్తుండగానే తెలిసింది. అప్పటి నుంచి నా జేబులో ఒక చిన్న కాగితం ఉంటుంది. అందులో పై వరస ఆమ్లోడిపిన్.

తొమ్మిదో రోజుకి నడుం పూర్తిగా వదిలింది, ఆపేయమన్నారు. స్ట్రిప్పులో ఐదు బిళ్ళలు మిగిలాయి. ఆ వారమే మామగారు వచ్చి, "మీ మందు బాగా పనిచేసినట్టుందల్లుడుగారూ, రెండిలా ఇవ్వండి" అన్నారు. ఆయనకి రెండు రకాల బీపీ బిళ్ళలు. ఇవ్వనన్నాను. భీమవరం నేనే తీసుకెళ్తానని కూడా అన్నాను. "నా డబ్బా తెరిచినప్పుడు అల్లుడు నన్నేమైనా అడిగాడా?" అని మామగారు మా అత్తగారి దగ్గర అన్నారట. మే నెలలో రొయ్యల పట్టుబడికి ఆయన రాలేదు.