మోకాలు పట్టేసినా తిరుపతి చేరాను

తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు ఉన్న పిల్లల కోసం బెంగళూరు నుంచి తిరుపతికి సైకిళ్ల మీద వచ్చాం. పలమనేరు దగ్గర నా కుడి మోకాలు పట్టేసింది. తొక్కిన ప్రతిసారీ చిప్ప ముందు సూది గుచ్చినట్టు నొప్పి. మొగిలి ఘాట్ అంతా దిగుడే కాబట్టి ఎలాగో గట్టెక్కాను.

బంగారుపాళ్యంలో టీ అంగడి పెద్దాయన తువ్వాలులో ఐసు చుట్టి తెచ్చి, సైకిల్ వైపు చూసి, "సీటు కిందికి దిగిపోయుండాది చూడు నాయనా" అన్నారు. నిజమే, క్లాంపు వదులై రెండు వేళ్లంత జారింది. సీటు తగ్గితే మోకాలు ఎక్కువ మడిచి తొక్కాలి, భారమంతా చిప్ప మీదే పడుతుంది. సీటు పైకి లేపి బిగించారు. అక్కణ్నుంచి తేలిక గేరులో, బలం పెట్టకుండా కాళ్లు చకచకా తిప్పుకుంటూ వచ్చాను. పూతలపట్టు దాటాక మళ్లీ నొప్పి. ఏడుపొచ్చింది, దాచుకోను. స్నేహితులు వేగం తగ్గించి నా పక్కనే నడిపారు. వాళ్లు లేకపోతే చంద్రగిరి కూడా చూసేవాణ్ని కాదు.

ఇప్పుడు డాక్టర్ విశ్రాంతి అన్నారు, సరే. కానీ ఆ పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, చాలామందికి జీవితాంతం. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు 3 నెలలకోసారి, ఆడవాళ్లు 4 నెలలకోసారి రక్తం ఇవ్వచ్చు. ఎండాకాలంలో కొరత ఎక్కువ, దయచేసి అప్పుడు వెళ్లండి.