ఉన్నితో గడిపిన సెలవులు

ఈసారి సెలవుల్లో ఫోన్ పక్కన పెట్టి, ఒక పల్లెలో ఉన్ని పని నేర్చుకున్నా. అన్నిటికంటే నచ్చింది వడకడమే. కదురు గిర్రున తిరుగుతుంటే వేళ్ల మధ్య నుంచి ఉన్ని సన్నగా జారుతుంది. పురి తక్కువైతే పోగు విడిపోయి కదురు కిందపడుతుంది, ఎక్కువైతే మెలికలు పడిపోతుంది. ఎంత పురి చాలో చేతికే తెలియాలి, ఎవరూ చెప్పలేరు. రెండు పోగుల్ని కలిపి, వడికిన దిక్కుకి ఎదురు దిక్కులో పేనితే దారం నిలకడగా ఉంటుంది.

గొర్రె ఒంటి మీంచి తీసిన ఉన్నికి లానోలిన్ అనే జిడ్డు ఉంటుంది. వాసన సంగతి అడక్కండి కానీ, సాయంత్రానికి ఏ క్రీమూ రాయకుండానే చేతులు మెత్తబడ్డాయి! కడిగేటప్పుడు వేడినీళ్లలో నానబెట్టాలంతే, రుద్దకూడదు. రుద్దితే వెంట్రుకల మీదుండే సన్నటి పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నంతా అట్టకట్టేస్తుంది. ఫెల్ట్, అంటే నేయకుండా ఉన్నిని అట్టకట్టించి చేసే మందపాటి గుడ్డ, తయారు చేసేది ఈ గుణంతోనే.

రంగుకి ఉల్లిపొట్టు, మంజిష్ఠ వేరు. ఆ రంగు ఉన్నికి పట్టి ఉండటానికి పటిక.

'పర్యావరణహిత సెలవులు' అంటే ప్రచారమే అనుకునేదాన్ని. ఇక్కడ మాత్రం వడకడానికి పనికిరాని ముతక ఉన్నిని కూడా మొక్కల మొదళ్లలో పరిచారు, తేమ ఆరిపోకుండా. వచ్చేసారి మగ్గం నేర్చుకోవాలి.