చెత్తలోంచి పుట్టిన స్వరాలు

యువత చేపట్టే పర్యావరణ కార్యక్రమాల్లో కళకు చోటు ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. దక్షిణ అమెరికా దేశం పరాగ్వేలోని కతేఉరా చెత్తకుప్పల పక్కన పెరిగే పిల్లలకు పర్యావరణ సాంకేతిక నిపుణుడు ఫావియో చావెస్ 2006లో సంగీతం నేర్పడం మొదలుపెట్టాడు. వాయిద్యాలు చాలకపోవడంతో, చెత్త ఏరుకుని బతికే ఒక వడ్రంగి పారేసిన డబ్బాలతో వయొలిన్లు చేసి ఇచ్చాడు. మురుగునీటి గొట్టానికి నాణేలు, సీసా మూతలు మీటలుగా అమర్చిన శాక్సఫోన్ కూడా అలా చెత్తతో చేసిన వాయిద్యాల్లో ఉంది.

ప్లాస్టిక్ మూతలతో గోడపై చేప బొమ్మ కూర్చిన మా పిల్లల్లోనూ నేను ఆ శ్రద్ధనే చూశాను. మూతల గాడుల్లో పేరుకున్న మట్టిని పాత బ్రష్షుతో తోముతూ, రంగులవారీగా వేరుచేస్తూ, ఇన్ని నీలం మూతలు ఎక్కడి నుంచి వస్తున్నాయని ఒక అమ్మాయి అడిగింది (ఉపన్యాసాలతో ఆ ప్రశ్న ఎన్నడూ రాలేదు). మరుసటి వారం వాళ్లే నీళ్ల సీసాల వాడకాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు.