వీరాపురం కొంగలు, చెరువు లోతు

వీరాపురం చింతచెట్ల మీది ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి వస్తాయని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. కాదండీ, అవి మన దేశపు పక్షులే. నీళ్లనూ మేతనూ బట్టి చోటు మారతాయి, అంతే. పాత అనంతపురం జిల్లా చిలమత్తూరు మండలంలోని ఈ ఊరికి జనవరి, ఫిబ్రవరిలలో చేరి, పిల్లలకు రెక్కలొచ్చాక వానాకాలంలో వెళ్లిపోతాయి. నిజంగా హిమాలయాలు దాటి వచ్చేది బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతు. తెల్లటి తల వెనక రెండు నల్ల చారలుంటాయి. చలికాలమంతా ఇక్కడే ఉండి మార్చికల్లా తిరుగుదారి పడుతుంది.

కొంగ మేసే తీరు దగ్గర్నుంచి చూడాలి. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ ఆడిస్తుంది, కాలితో బురద కదుపుతుంది. చేప తగిలిందా, ముక్కు టక్కున మూసుకుంటుంది. చూపుతో పెద్దగా పనిలేదు. అందుకే దానికి మోకాలి లోతు దాటని నీళ్లు కావాలి. నిండిన చెరువు కంటే తగ్గుతున్న చెరువులోనే మేత బాగా దొరుకుతుంది. అంచుల్లో మట్టి తవ్వి లోతు గుంతలు చేస్తే నీళ్లుంటాయి గానీ కొంగ నిలబడే చోటు పోతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

ఎండిన చెరువు నేల మీద వేసవిలో తీతువు గుడ్లు పెడుతుంది, మామూలుగా నాలుగు, అచ్చం మట్టిరంగు. తల మీద అరుస్తూ తిరిగితే వచ్చిన దారినే వెనక్కి నడవండి. తల్లి నీడ తప్పితే ఎండకు గుడ్లు మాడిపోతాయి.

గూళ్ల చెట్ల దగ్గర టపాకాయలు, డ్రోన్లు అసలే వద్దు. పెద్దపక్షి బెదిరి లేస్తే పిల్ల కిందపడుతుంది, పడిన పిల్లకు తల్లి కిందికి దిగి మేత పెట్టదు.